మూడు ముక్కలు కుడికి

నేను ఒక గడ్డి ముక్కను. అయితే నన్ను ఏ ఆవూ తినదు. మేకకు చూపించినా మొహం తిప్పుకుంటుంది. నా వేళ్ళు రబ్బరులో ఉన్నాయి. నా పచ్చదనం డ్రమ్ముల్లో వచ్చిన రంగు. పొడవు తొమ్మిది అంగుళాలు, వెడల్పు ఆరు, ఒక మూలన చిల్లు, ఆ చిల్లుకు ఒక నైలాను తాడు. నా ఆస్తిపాస్తులు ఇంతే.

ఇంత చిన్నదాని వీపు మీద ఒక మనిషి పేరు నిలబడ్డ ఉదయం ఒకటుంది. ఆ ఉదయం గురించి చెప్పాలనే నోరు తెరిచాను.

నేను పుట్టింది ఒక ఫ్యాక్టరీలో, వంద మీటర్ల చుట్టగా. మమ్మల్ని ఫుట్‌బాల్ మైదానంలో పరుస్తారని, మా మీద ఇరవై రెండుమంది పరిగెత్తుతారని, వేలమంది చుట్టూ నిలబడి అరుస్తారని చుట్ట మొత్తం కలలు కంటూ ఉండేది. పరిచారు కూడా. కాకపోతే మైదానం మూల గుండ్రంగా తిరిగే చోట కత్తి పడింది. కత్తికి ఇవతల మిగిలిన పేలికను నేను. పేలికను పారేయడానికి మనసొప్పని ఒక వ్యాపారి మమ్మల్ని ముక్కలుగా కోసి, చిల్లు పొడిచి, గల్ఫ్ దేశంలో ఒక ఎడారి గోల్ఫ్ క్లబ్బుకు పంపేశాడు.

మనుషుల తిక్క ఏపాటిదో అక్కడికి వెళ్ళాకే నాకు తెలిసింది.

గోల్ఫ్ పచ్చిక మీద ఆడే ఆట. గడ్డి పరక మొలవని చోట ఆ ఆట ఆడాలని ఎవరికో బుద్ధి పుట్టింది. అందుకని ఎవరి గడ్డి వాళ్ళు భుజాన వేసుకుని వెళ్ళాలి. ఇసుకలో రెండు వరుసల తెల్లమేకులు పాతి ఉంటాయి. బంతి ఆ మేకుల మధ్య పడిందా, దాన్ని తీసి నా మీద పెట్టుకుని కొట్టవచ్చు. మేకుల అవతల పడిందా, నన్ను ముట్టుకోకూడదు. బంతి ఏ గులకరాళ్ళలో ఉంటే అక్కడినుంచే కొట్టాలి. చివర గుంత చుట్టూ మాత్రం నూనె కలిపి రోలరుతో తొక్కించిన ఇసుక ఉంటుంది. నల్లగా, నున్నగా, గుండ్రంగా. దొరలు దానికేదో పేరు పెట్టారు. దాన్ని రోజూ చిమ్మే గంగారాం మాత్రం 'కల్లం' అనేవాడు. కోరుట్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో వడ్లు నూర్చే కల్లం అచ్చం అలాగే ఉంటుందట.

నా మొదటి యజమాని చలిదేశపు ఇంజనీరు. బంతి సూటిగా పోతే తన చెయ్యి మంచిదనేవాడు. వంకరపోతే నా మొహాన కర్రతో ఒకటిచ్చేవాడు. నాలుగేళ్ళు తన తప్పులన్నీ నా మీద మోపి, చివరికి నన్ను అలమారాలో మరిచిపోయి విమానమెక్కాడు. అలమారా ఖాళీ చేసినవాళ్ళు నన్ను లాండ్రీ గది గుమ్మం ముందు పడేశారు. స్టేడియం కలలు కన్న గడ్డిని, చెప్పులు తుడుచుకునే పట్టానయ్యాను.

ఆ గుమ్మం దాటి రోజుకు యాభైసార్లు తిరిగే పాదాలు ఓబులమ్మవి.

ఓబులమ్మది రాయచోటి వైపు పల్లె. నలభై నాలుగేళ్ళు. ఈ దేశం వచ్చి పదకొండేళ్ళు. మొదట పనికి చేరిన ఇంట్లో యజమానురాలికి ఆమె పేరు నోరు తిరగలేదు. మూడో రోజునుంచి 'మేరీ' అని పిలిచింది. క్లబ్బులో చేరినప్పుడు ఆ ఇంటివాళ్ళిచ్చిన ఉత్తరం చూసి గుమాస్తా బ్యాడ్జీ మీద అదే కొట్టించాడు. తువ్వాళ్ళు ఉతికే మేరీ. తివాచీలు దులిపే మేరీ. వంటింటి పెద్ద దొరబాబు మనవాడే, కోనసీమవాడు. అతనూ 'మేరీగారూ' అనే పిలిచేవాడు. క్లబ్బులో ఆమె అసలు పేరు తెలిసింది గంగారాంకు ఒక్కడికే. తెలిశాక కూడా అతను పేరు పెట్టి పిలవలేదు, 'చెల్లె' అన్నాడు.

గంగారాం ఆమెలో ఆటను కనిపెట్టింది తివాచీల దగ్గర. క్లబ్బు వెనక తీగ మీద తివాచీ వేసి ఆమె కర్రతో బాదుతోంది. అందరూ బాదుతారు. ఈమె నడుము తిప్పి, మోచెయ్యి వంచకుండా, ఒకే చోట, ఒకే తాళంలో బాదుతోంది. గంగారాం చీపురు ఆపి పావుగంట చూశాడు.

"చెల్లె, గా దెబ్బ తివాచీకి ఎందుకు ఖరాబ్ జేస్తవ్? బంతికి పెట్టు."

"పో అన్నా. దొరసానులు ఆడేదాన్ని నేనాడితే నగరా?"

"నవ్వుతరు. బంతి పొయ్యేదాంక నవ్వుతరు."

అలా రెండేళ్ళు. శుక్రవారం సెలవు, తెల్లారగానే ఇద్దరూ మైదానానికి పోయేవారు. ఎవరో వదిలేసిన కర్రలు మూడు దొరికాయి: దూరం కొట్టే లావు కర్ర, ఏడో నంబరు ఇనుప కర్ర, కల్లం మీద బంతి దొర్లించే కర్ర. గడ్డి కావలసి వచ్చి ఆమె గుమ్మం ముందునుంచి నన్ను తీసింది. రెండుసార్లు ఉతికి, ఆరవేసి, తాడు కట్టింది. నన్ను ఉతికిన మొదటి మనిషి ఆవిడే. ఆవిడ కోసం ఏమైనా చేయాలని ఆ రోజే అనుకున్నాను. గడ్డి ముక్క ఏం చేయగలదో మాత్రం అప్పటికి తెలియదు.

ఏటా జూలైలో, సభ్యులంతా ఎండకు పారిపోయినప్పుడు, క్లబ్బు తన పనివాళ్ళకు ఒక పోటీ పెడుతుంది. తొమ్మిది గుంతలు. అందరికంటే తక్కువ దెబ్బల్లో పూర్తిచేసినవాళ్ళ పేరు హాల్లో చెక్కపలక మీద బంగారు రంగుతో రాస్తారు. ఆ పలకను వారం వారం తుడిచేది ఓబులమ్మే. దాని మీద వరసగా మూడేళ్ళు దొరబాబు పేరుంది.

కిందటేడు ఆమె కూడా ఆడింది. ఆరో స్థానం వచ్చింది. మర్నాడు పలక తుడుస్తూ గంగారాంను అడిగింది.

"అన్నా, గెలిస్తే ఈడ నా పేరు రాస్తారు గదా?"

"రాస్తరు."

"ఏ పేరు?"

గంగారాం ఆమె బ్యాడ్జీ వైపు చూశాడు.

"మాయమ్మ పెట్టిన పేరు ఈ దేశంలో ఒక్క గోడ మీదన్నా ఉండల్ల అన్నా. నేను పోయినాక మేరీ అనే ఆమె ఉతికిపోయిందంటారు. నేను యాడికి పోయినట్టు?"

గంగారాం పలక మీద ఆఖరి పేరు కింద ఖాళీలో వేలు పెట్టాడు. "కొట్టుడు నీకొచ్చు చెల్లె. లెక్క రాదు. ఈసారి లెక్క జేద్దాం."

తనే ఆడవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. కల్లాలు తయారుచేసేవాడు పోటీలో ఆడకూడదని నియమం. ఏ కల్లం ఎటు వాలిందో అతని కాళ్ళకు తెలుసు మరి. పోటీ రోజు ఆమెతో నడవకూడదు కూడా. తొమ్మిదో కల్లం దగ్గర చీపురుతో నిలబడాలి, నోరు విప్పకూడదు. ఏం చెప్పాలన్నా ముందే చెప్పేయాలి.

పోటీకి ఎనిమిది శుక్రవారాల ముందు లెక్క మొదలైంది.

గంగారాం ఆరడుగుల మనిషి. తెల్లారగానే ప్రతి గుంతనూ అంగలు వేసి కొలిచాడు. బంతి ఎక్కడ పడితే గట్టినేల మీద ఉరుకుతుందో, ఎక్కడ పడితే మెత్తటి ఇసుకలో కూరుకుపోతుందో చూశాడు. కల్లాల మీద మోకాళ్ళ మీద వంగి, వాలు బంతిని ఎంత తిప్పుతుందో, గుంతకు ఎంత పక్కగా గురిపెట్టాలో చేత్తో జానలు కొలిచాడు. అంతా రాసుకొచ్చి ఆమెకు వినిపించాడు. రెండో గుంత: మేకునుంచి నూట పది అంగలు, ఏడో నంబరు. కల్లం మీద జానెడు ఎడమకు. ఐదోది: జానెడున్నర కుడికి. ఆమె కంఠతా పట్టింది.

మరుసటి శుక్రవారం ఆడి చూశారు. ఘోరం. కిందటేటికన్నా నాలుగు దెబ్బలు ఎక్కువ! నూట పది అంగలని ఆమె లెక్కపెట్టుకుని కొట్టిన బంతి కల్లం అందక ముందే చతికిలబడింది. జానెడు ఎడమకని దొర్లించిన ప్రతి బంతీ గుంతను రాసుకుంటూ పోయింది. గంగారాం కాగితం చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. తప్పెక్కడో అంతుపట్టలేదు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని తన చెయ్యి పక్కన పెట్టింది.

"ఇది చెయ్యా, చాటా? నీ జానలో నా జానలు ఒకటిన్నర పడతాండాయి!"

గంగారాం నెత్తి కొట్టుకున్నాడు. "ఇగో, గిదే! నా అంగలు నీకు జెప్పిన. నా కాళ్ళు పెట్టుకోని నువ్వెట్ల నడుస్తవ్!"

అంగలు ఆమె చేతనే మళ్ళీ వేయించవచ్చు, వేయించారు కూడా. చిక్కంతా కల్లాల దగ్గర వచ్చింది. కొలిచేది అతను, ఆడేది ఆమె. ఇద్దరి చేతికీ ఒకటే కొలత కావాలి. ఆలోచిస్తూ ఆమె పాదం చాపింది. పాదం పక్కన నేను పడి ఉన్నాను. మడమనుంచి వేలి చివరి దాకా, సరిగ్గా నా అంత.

"అన్నా, ఈ ముక్కతో కొలువు. దీని పొడవు నా కాలికి తెలుసు. సూస్తే సాలు."

ఆ క్షణంనుంచి నేను గడ్డిని కాను. కొలబద్దను! ఆ ఎడారిలో తొమ్మిది కల్లాలూ నా పొడవుతో కొలిచారు. ముక్క ఎడమకు. రెండు ముక్కలు కుడికి. ఒక చోట అర ముక్క. గంగారాం నన్ను బొర్లించి, రబ్బరు వీపు మీద చెరగని సిరాతో తొమ్మిది వరసలు రాశాడు. ఫుట్‌బాల్ మైదానంలో పడుకున్న నా అన్నదమ్ముల వీపుల మీద ఎవరూ ఏమీ రాయలేదు, నాకు తెలుసు.

లెక్క అంటే కొలతలే కాదు. నాలుగో గుంత తూర్పుకు ఉంటుంది. పొద్దు కళ్ళలోకి కొడుతుంది కాబట్టి తల ఎత్తకుండా కొట్టాలి. మంచినీళ్ళు రెండు సీసాలు, మూడో గుంత దాకా ముట్టకూడదు. తడితువ్వాళ్ళు నాలుగు, లాండ్రీ ఆమె చేతిలోదే కాబట్టి ఆ విషయంలో ఆమె దొరసానికంటే దొరసాని. అన్నిటికన్నా ముఖ్యం గాలి. జూలైలో ఏడుంపావు దాటగానే వాయవ్యంనుంచి ఇసుకగాలి లేస్తుంది. ఆలోపు తొమ్మిదీ ముగించాలి. ఐదింటికి మొదటి జట్టులో బయల్దేరితే ఆరున్నరకల్లా అయిపోతుంది. ముందు పేరిచ్చినవాళ్ళు ముందు బయల్దేరడం అక్కడి రివాజు. ఆమె అందరికంటే ముందు పేరిచ్చింది.

పోటీ ముందురోజు మధ్యాహ్నం జాబితా అంటించారు. ఆమె పేరు ఆఖరి వరసలో ఉంది.

కిందటి విజేత ఆఖరున బయల్దేరాలి. అతనికి జోడీని చీటీ తీసి ఎంచుతారు. దొరబాబు బిర్యానీ గిన్నెలో చీటీలు వేసి తనే తీశాడు. చీటీ మీద 'మేరీ' అని ఉంది.

"అదృష్టమండి మీది!" అని లాండ్రీ గుమ్మంలో నిలబడి అన్నాడు దొరబాబు. "గెలిచేవోడి పక్కన నడిస్తే ఫొటోలో అన్నా పడతారండి. ఆయ్."

"పడేది ఎవురో రేపు సూద్దాంలే నాయనా."

"తువ్వాళ్ళు మాత్రం ఎక్కువ తెండి మేరీగారూ. నాకు చెమట్లు జాస్తి."

అతను వెళ్ళాక ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. ఆరుంపావుకు బయల్దేరితే ఆఖరి మూడు గుంతలూ నడిగాలిలో ఆడాలి. ఎనిమిది శుక్రవారాల లెక్కలో మూడో వంతు వృథా. గంగారాం రాగానే జాబితా చూపింది.

అతను ఒక్క నిమిషం కూడా విచారించలేదు. "మరకలు దీసే మందు పట్టుకురా."

నా వీపు మీద ఏడు, ఎనిమిది, తొమ్మిది వరసల్ని లాండ్రీ మందుతో తుడిచేశారు. మండింది. ఓర్చుకున్నాను. మళ్ళీ రాశారు.

"బంతి మీదికి లేస్తే గాలి గుంజుకపోతది చెల్లె. లేపకు. తివాచీని కొట్టినట్టు అడ్డంగ కొట్టు. భూమ్మీద ఉరికియ్యి. గట్టినేల గదా, అదే ఉరుకుతది. ఏడోదాంట్ల కల్లానికి నలభై అంగల ముందే పడాలె."

"తొమ్మిదో దాంట్లో?"

"అండ్ల కల్లం పక్కన పెద్ద రాయి ఉంది గదా, గా దిక్కు పోతది బంతి, గాలికి. పోనీ. రాయి దిక్కునుంచి గుంతకు పొయ్యే తొవ్వల ఎడమకు జారుడుంది. నువ్వు ఆడ ఉంటే..." అంటూ నా వీపు మీద రాశాడు: 'రాయి వైపునుంచి మూడు ముక్కలు కుడికి.'

"మూడా? అంత ఎడంగానా?"

"మూడే. పదిసార్లు దొర్లించి చూసిన. ఎవ్వడన్నా ఇంకోటి జెప్తే ఇనకు. నేను నిలబడి ఊకుంటే గూడ, నా మొఖం జూడకు. దీన్ని జూడు."

దీన్ని అంటే నన్ను.

తెల్లారింది. పద్నాలుగుమంది ఆటగాళ్ళు. ముందు వెళ్ళినవాళ్ళ కేకలు ఒక్కొక్క గుంతనుంచీ వినిపిస్తున్నాయి. ఆరుంపావుకు మా వంతు వచ్చింది.

దొరబాబు ఆట చూడముచ్చటైన ఆట. బంతిని ఆకాశంలోకి లేపుతాడు. అది అక్కడ కాసేపు ఆలోచించి, మెత్తగా కల్లం మీద దిగుతుంది. దోసె తిరగేసినంత సులువుగా చేస్తాడు. ఆరు గుంతలు పూర్తయ్యేసరికి రెండు దెబ్బలు ముందున్నాడు. నోరు కూడా అంతే ముందుంది.

"ఏంటండీ మేరీగారూ, మాటిమాటికీ ఆ గడ్డిని తిరగేసి చూత్తన్నారు? అడుగున అట్టు మాడిపోతందా?"

"నీ సంగతి నువ్వు సూసుకో నాయనా. పొద్దెక్కుతాంది."

ఏడో గుంత దగ్గర నిలబడేసరికి ఆమె చీరకొంగు ఎగిరింది. గాలి వచ్చేసింది.

దొరబాబు అలవాటుగా బంతిని లేపాడు. పైకి వెళ్ళినది పైకే ఉంది. గాలి దాన్ని ఎత్తుకుని, ఎగరేసుకుంటూ మేకుల అవతల ముళ్ళపొదలోకి తీసుకెళ్ళి పడేసింది. అక్కడినుంచి బయటపడటానికి అతనికి మూడు దెబ్బలు పట్టాయి. ఓబులమ్మ నన్ను పరిచింది, బంతి పెట్టింది, నడుము తిప్పింది. బంతి మోకాలెత్తున దూసుకుపోయి, నలభై అంగల ముందు నేలను తాకి, కుక్క తరిమిన కుందేలులా ఉరుకుతూ కల్లం మీదికెక్కింది. ఏడో గుంత ముగిసేసరికి ఆమె ఒక దెబ్బ ముందుంది.

దొరబాబు చొక్కాకు గుచ్చుకున్న ముళ్ళు పీక్కుంటూ ఎనిమిదో గుంతవైపు నడిచాడు.

ఎనిమిదో గుంతలో ఆమెకు ఎదురుదెబ్బ తగిలింది. కొట్టిన బంతి ఒక రాతికి తగిలి పక్కకు ఎగిరి, తెల్లమేకు దాటి నాలుగడుగులు బయట పడింది. ఒంటె డెక్క చేసిన గుంటలో. అక్కడ నేను పనికిరాను. ఆమె నన్ను మేకు దగ్గర వదిలేసి కర్ర పట్టుకుని వెళ్ళింది. గాలి నన్ను ఒక్క తోపు తోసింది. బోర్లా పడ్డాను. వీపు ఆకాశానికి.

దొరబాబు అటే వస్తున్నాడు.

వంగాడు. చూశాడు. తెలుగు చదవగలిగిన మనిషి ఆ ఎడారిలో ఇంకొకడు అతనే. కళ్ళు ఏడో వరసమీదినుంచి తొమ్మిదో వరసకు దిగాయి. పెదవులు కదిలాయి. 'రాయి వైపునుంచి మూడు ముక్కలు కుడికి.' ఒక్కసారి కాదు, రెండుసార్లు చదివాడు. ఎనిమిది శుక్రవారాల కష్టం, రెండు క్షణాల్లో! ఆ రోజు నాకింకా నోరు రాలేదు, లేకపోతే అరిచేదాన్ని.

ఒంటె గుంటలోనుంచి ఆమె ఇసుకతో సహా బంతిని బాదింది. ముద్దలా లేచి మేకుల మధ్య పడింది. కానీ ఒక దెబ్బ పోయింది. ఇద్దరూ సమానం. ముందు వెళ్ళినవాళ్ళలో ఎవరూ వీళ్ళ దరిదాపుల్లో లేరని అప్పటికే కబురు వచ్చేసింది.

మిగిలింది తొమ్మిదో గుంత.

పన్నెండుమంది ఆటగాళ్ళు, క్లబ్బు మేనేజరు, గుమాస్తా అందరూ ఆ కల్లం చుట్టూ చేరారు. గంగారాం చీపురుతో రాయిలా నిలబడ్డాడు. ఇద్దరి బంతులూ మూడో దెబ్బకు కల్లం మీదికి వచ్చాయి. గాలి రెండింటినీ రాయి వైపే నెట్టింది. ఇంచుమించు ఒకే చోటునుంచి ఒకే గుంత. దొరబాబు బంతి ఒక అడుగు వెనక. కాబట్టి ముందు అతనే.

ఇసుక పడిందని చిమ్మమన్నాడు. గంగారాం గుంత దగ్గర మొదలుపెట్టి, సున్నాలు చుట్టుకుంటూ అంచుదాకా చిమ్మాడు. కల్లం అద్దంలా అయింది. దొరబాబు కూర్చుని చూశాడు. లేచి చూశాడు. తర్వాత గుంతకు కాస్త కుడికి, బెత్తెడు ఎడంగా గురిపెట్టాడు.

బెత్తెడు! ఓబులమ్మ మొహంలో రంగు మారడం చూశాను. మూడుసార్లు గెలిచినవాడు బెత్తెడు అంటున్నాడు. తన లెక్క దానికి ఆరింతలు. ఎవరు తప్పు? ఆమె చూపు గంగారాం వైపు వెళ్ళబోయి ఆగింది.

దొరబాబు దొర్లించాడు. బంతి చక్కగా బయల్దేరింది. సగం దూరం దాకా గుంతకోసమే పుట్టినట్టు వెళ్ళింది. తర్వాత ఎడమకు తిరిగింది. ఇంకా తిరిగింది. గుంతకు మూరెడు దూరంగా జారిపోయి ఆగింది. చుట్టూ ఒక్క మూలుగు. రెండో దెబ్బతో అతను లోపల వేశాడు.

ఇప్పుడు ఆమె ఒక్క దెబ్బతో వేస్తే గెలుపు. తప్పితే సమానం, మళ్ళీ ఆడాలి, పెరిగే గాలిలో.

ఆమె నన్ను కల్లం అంచున పరిచింది. లోపల పరచకూడదు. ఒకసారి నన్ను చూసింది. తర్వాత గుంతకు కుడివైపు ఖాళీ నేలను చూసింది. ఆమె కళ్ళలో నేను లేచి వెళ్ళి గుంత పక్కన పడుకున్నాను. ఒకటి. దాని పక్కన మళ్ళీ నేనే. రెండు. మళ్ళీ నేను. మూడు. ఆ మూడో నా చివర ఇసుకరేణువు ఒకటి మెరుస్తోంది. ఆమె చూపు దాన్ని పట్టుకుంది.

కర్ర కదిలింది.

బంతి గుంతవైపు పోవడం లేదు. ఎవరో నవ్వారు. బంతి కుడికి, ఇంకా కుడికి, పనిమీద వేరే ఊరు వెళ్తున్నట్టు పోతోంది. తర్వాత వాలు దాన్ని అందుకుంది. అది తల తిప్పింది. మెల్లగా వంపు తిరిగి, వేగం తగ్గుతూ, ఆగిపోతుందేమో అన్నంత నింపాదిగా గుంత అంచుకు వచ్చి నిలబడింది.

పడింది.

గంగారాం చీపురు నేలమీదికి వదిలేశాడు. "అయిపాయె! అయిపాయె చెల్లె!" అంటూ తను అద్దంలా చిమ్మిన కల్లం మీద తనే అడ్డదిడ్డంగా పరిగెత్తాడు. నోరు విప్పకూడదన్న నియమం అతనికి అప్పటికి గుర్తులేదు. ఓబులమ్మ ఏడవలేదు. నన్ను ఎత్తి ఇసుక దులిపి, గుండెకు ఆనించుకుని నిలబడింది. అంత గట్టిగా కొట్టుకునే గుండె నాకు ఎన్నడూ తగల్లేదు.

దొరబాబు నుదుటి చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఒక్క మాట చెప్పండి. నేను తప్పు చేశానండి. మీ గడ్డి బోర్లా పడితే చదివేశాను. మూడు ముక్కలు కుడికి అని ఉంది. సరిగ్గా మూడు ముక్కలే కొట్టాను కదండీ, ఎందుకు పడలేదు?"

"మూడు ముక్కలంటే ఎంత అనుకుంటివి?"

"ఎంతేంటండీ, మటన్ ముక్కలు మూడు పక్కపక్కన పెడితే బెత్తెడు వత్తాది. పాతికేళ్ళనుంచి కోత్తన్నాను, నాకు తెలీదా?"

గంగారాం కడుపు పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాడు. ఓబులమ్మ నన్ను దొరబాబు ముక్కు ముందు ఆడించింది. "ముక్కంటే ఇదబ్బా! నీ కూరలో ముక్క కాదు." అర్థమయ్యాక అందరికంటే పెద్దగా నవ్వింది దొరబాబే.

గెలుపు అక్కడితో పూర్తి కాలేదు. హాల్లో గుమాస్తా కాగితం తీసి, పలక రాసే పెయింటరు కోసం విజేత పేరు రాయబోయాడు. ఆమె బ్యాడ్జీ చూసి మొదటి అక్షరం గీశాడు. ఆమె అతని చెయ్యి మీద చెయ్యి పెట్టి ఆపింది. అది నా పేరు కాదని, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో చెప్పింది. బ్యాడ్జీ మీద ఉన్నదే రాయాలన్నాడు గుమాస్తా. మేనేజరు కూడా తల ఊపాడు.

అప్పుడు దొరబాబు ముందుకొచ్చాడు.

"మేరీగారూ, ఇంతకీ మీ పేరేంటండీ?"

"ఓబులమ్మ."

"ఎనిమిదేళ్ళనుంచి నా వంటింటికి తువ్వాళ్ళు తెత్తన్నారు. ఒక్కసారీ చెప్పలేదేంటండీ?"

"నువ్వొక్కసారీ అడగల్యా."

దొరబాబు మొహం ఎర్రబడింది. మేనేజరు వైపు తిరిగి, వాళ్ళ భాషలో, వంటింట్లో కేకలేసే గొంతుతో చెప్పాడు: నన్ను ఓడించింది ఓబులమ్మ. మేరీ అనే మనిషి ఈ ఆటలోనే లేదు. లేని మనిషి చేతిలో నేను ఓడిపోలేను. మేరీ అని రాసే పనైతే, గెలిచింది నేనే. నాలుగోసారి కూడా నా పేరే రాయండి.

హాలంతా గొల్లుమంది. మేనేజరు నవ్వు ఆపుకోలేక గుమాస్తా చేతిలో కాగితం తీసుకుని ఆమె ముందు పెట్టాడు. నువ్వే రాయమని.

ఆమె రాసింది. తెలుగులో. పెయింటరు ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పైనెటు, కిందెటు అని అడిగాడు. తర్వాత బొమ్మ గీసినట్టు, నాలుక బయటపెట్టి, గంటసేపు గీశాడు. నిలువు గీతల ఇంగ్లీషు పేర్ల కింద గుండ్రటి అక్షరాలు నాలుగు, బంగారు రంగులో. ఓబులమ్మ. రంగు తడి ఆరకముందే దొరబాబు గట్టిగా చదివాడు. తర్వాత హాల్లో ఉన్నవాళ్ళంతా, తలా ఒక రకంగా, తప్పులతో, ఆ పేరు పలికారు. పదకొండేళ్ళలో మొదటిసారి. ఆమె ఒక్కొక్కరికీ తల ఊపుతూ, తప్పు పలికినవాళ్ళను సరిదిద్దింది.

మేనేజరు నా మీద కూడా మనసు పడ్డాడు. పలక కింద గాజుపెట్టెలో పెడతానన్నాడు, దీపం వేసి. నాలాంటి పేలికకు అంతకన్నా ఏం కావాలి? ఓబులమ్మ ఒప్పుకోలేదు. "గాజులో పెడితే ఊపిరాడక సస్తాది. దానికింకా పనుంది," అంది. నిజం చెబితే, నేనూ అదే కోరుకున్నాను.

పని నిజంగానే ఉంది. ఇప్పుడు శుక్రవారాలు మాతో ఇంకో నలుగురు ఆడవాళ్ళు వస్తున్నారు. ఇద్దరు చుట్టుపక్కల ఇళ్ళలో వంట చేసేవాళ్ళు, ఒకామె కుట్టుపని, ఒకామె ఆస్పత్రిలో నేల తుడుస్తుంది. రాగానే ఓబులమ్మ అడిగే మొదటి ప్రశ్న పేరు. బ్యాడ్జీ పేరు చెబితే వెనక్కి పంపుతుంది. అసలు పేరు చెప్పాకే చేతికి కర్ర ఇస్తుంది. నా పచ్చదనం సగం రాలిపోయింది. నడుమ బట్టతల. వీపు మీద లెక్కలు కొట్టేసి కొట్టేసి రబ్బరు పలచబడింది. నాకేం బెంగ లేదు.

మొన్న శుక్రవారం కుట్టుపని ఆమె, పేరు నాగరత్తమ్మ, మొదటిసారి కర్ర పట్టుకుంది. నన్ను పరిచారు. నా మీద బంతి పెట్టారు. ఆమె ఊపిరి బిగపట్టి, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. నేను ఎగిరి ఎనిమిది అంగల అవతల ఇసుకలో పడ్డాను. బంతి మాత్రం పెట్టిన చోటే పడి ఉంది. అందరూ విరగబడి నవ్వుతుంటే గంగారాం వచ్చి నన్ను దులిపి వెనక్కి తెచ్చాడు.

"నాగరత్తమ్మా," అంది ఓబులమ్మ, నన్ను మళ్ళీ ఆమె పాదాల ముందు సర్దుతూ, "గడ్డి బాగానే పోయింది. ఇప్పుడు బంతిని కొట్టు."